కూతవేటు ఎన్ని మీటర్లు?

ప్రభుత్వంలో అరిచేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, అరవమని రాతపూర్వకంగా ఉత్తర్వు అందుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. నా పేరు లింగమూర్తి. హోదా ‘ప్రామాణిక కంఠం’, కాంట్రాక్టు పద్ధతిన. అంతకుముందు అదే ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని ఊళ్ల పేర్లు కొడుతూ ఉండేవాణ్ణి. గొంతుతో పని ఎప్పుడూ పడలేదు, ఇంట్లో కూడా.

మా సంస్థ పేరు రాష్ట్ర వారసత్వ పటాంకన ప్రాధికార సంస్థ. పూర్తిగా పలికేలోపు చాయ్ చల్లారిపోతుంది కాబట్టి అందరూ పటాల ఆఫీసు అంటారు. పూర్వం పురావస్తు పరిశోధన అంటే గడ్డపారలు, గొడుగులు, వడదెబ్బలు. మా డైరెక్టరు కోదండపాణి గారు ఒక విదేశీ సదస్సుకు వెళ్లొచ్చి ఆ శ్రమంతా తీసేశారు. వచ్చిన మర్నాడే మమ్మల్నందరినీ నిలబెట్టి చెప్పారు.

“ఇకమీదట చరిత్ర అనేది చుక్క అయినా అయి ఉండవలెను, గీత అయినా అయి ఉండవలెను, లేదా పాలిగాన్ అయినా అయి ఉండవలెను. ఈ మూడింటిలో ఇమడనిది ఏదైనా సరే, అది పుకారు!”

పాలిగాన్ అంటే చుట్టూ హద్దు గీసి మూసేసిన బొమ్మ. మా ఆఫీసులో చాయ్ తర్వాత ఎక్కువగా వినబడే మాట అదే.

మొదటి ఏడాదే అద్భుతాలు జరిగాయి. ఒక పోచమ్మ గుడికి అక్షాంశం గడిలో రేఖాంశం, రేఖాంశం గడిలో అక్షాంశం పడ్డాయి. తల్లి వెళ్లి ఉత్తర ధ్రువం దగ్గరి మంచు దీవుల్లో తేలింది. ఒకసారి ఎక్కిన చుక్కను దించాలంటే పైవాళ్ల అనుమతి కావాలి. పైవాళ్లకు రాస్తే వాళ్లు ఇంకా పైవాళ్లకు రాశారు. ఈలోగా వార్షిక నివేదిక వేళయింది కాబట్టి ఆ గుడికి ఎదురుగా ‘భక్తుల రాక శూన్యం, చలి కారణం కావచ్చు’ అని రాసి నిధులు ఆపేశారు. ఊళ్లో బోనాలు ఎప్పటిలాగే జరుగుతున్నాయి. పటం లెక్క ప్రకారం అవి అనధికార బోనాలు.

ఇలా నల్లేరు మీద బండిలా సాగుతున్న మా పనికి గువ్వలగుట్ట దగ్గర రాయి అడ్డం పడింది. నిజంగానే రాయి. గుట్ట పక్కన ఒక పెద్ద బండ, దాని మీద పాత శాసనం. చదవగలిగినవాళ్లు చదివిపెట్టినదాన్ని బట్టి అందులో ఉన్నది ఇంతే: ‘ఈ బండపైన నిలిచి కురుమ కూత వెట్టిన వినంబడినంత భూమి మందకు మేతగాను విడిచితిమి. ఈ ధర్మానకు తప్పినవారు గంగ దరిని గోవుం జంపిన పాపానం బోదురు.’ ఎవరో రాజు, ఏదో మంచి రోజు, ఎందుకో మనసు కరిగి గొర్రెల మందకు బీడు విడిచిపెట్టాడు. అప్పటినుంచి ఆ బీడులో కురుమల గొర్రెలు మేస్తూనే ఉన్నాయి.

డైరెక్టరు గారు, పటాల కన్సల్టెంటు ప్రణవ్, నేను జీపులో వెళ్లాం. ప్రణవ్ చేతిలో పలక లాంటి కంప్యూటరు. అందులో శాసనానికి ఒక ఫారం. ‘శాపం’ అనే గడిలో ప్రణవ్ ‘ఉంది, ప్రమాద స్థాయి మధ్యస్థం’ అని నింపాడు. తర్వాతి గడి దగ్గర ఆగిపోయాడు. ఆ గడిలో ‘వ్యాసార్థం, మీటర్లలో’ అని ఉంది. అంకె తప్ప అక్షరం పెడితే ఎర్రగా మెరిసి కీచుమంటోంది.

బండ నీడన గొంగడి పరుచుకుని కూర్చున్న బీరవ్వ మమ్మల్ని చూసి లేచి వచ్చింది. యాభై దాటిన కురుమ ఆడమనిషి. పెనిమిటి పోయాక మందను తనే మేపుతోంది. ఆ గొర్రెలు, వాటికి ఆ బీడు తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు.

“అమ్మా, సదరు శాసనమందు ఉదహరించబడిన విస్తీర్ణము మీ అనుభవములో ఎంత?” అని డైరెక్టరు గారు అడిగారు.

“ఏమంటుండు బిడ్డా?” అని ఆమె నన్నడిగింది.

“మీ బీడు యాడిదాంక ఉంటదని అడుగుతుండు అవ్వా.”

“గంతేనా! గీ బండమీద నిలవడి కూతేస్తే యాడిదాంక ఇనవడ్తదో గాడిదాంక. కూతవేటు.”

“కూతవేటు అంటే ఎన్ని మీటర్లు?” అన్నాడు ప్రణవ్, వేలు గడి మీద పెట్టుకుని.

“కూతవేటంటే కూతవేటే సారు. మీటర్లేంది నడిమిట్ల? గాలి ఎనకకెల్లి వస్తే గా మోదుగుల వాగు దాంక పోతది. ఎదురుగాలైతే గా తుమ్మలకాడనే ఆగుతది.”

“సార్, బౌండరీ కదులుతోంది!” అన్నాడు ప్రణవ్, తేలు కనబడినట్టు.

డైరెక్టరు గారి ముఖం పాలిపోయింది. గాలి వీచినప్పుడల్లా జరిగే హద్దును ఏ సర్వర్లో దాచాలి? నేను ఉండబట్టలేక ఒక సలహా చెప్పాను. బీరవ్వనే అరవమందాం, మనలో ఒకరం వాగు దగ్గర నిలబడి విందాం, తేలిపోతుంది కదా అన్నాను. డైరెక్టరు గారు నన్ను జాలిగా చూశారు.

“లింగమూర్తీ, లబ్ధిదారు తన లబ్ధిని తన కంఠముతో తానే కొలుచుకొనుట పారదర్శకతా సూత్రములకు విరుద్ధము. రేపు ఈవిడ ఇంకొంచెం గట్టిగా అరిస్తే సగం రాష్ట్రం గొర్రెల పాలవుతుంది. మనకు తటస్థ కంఠం కావాలి.”

వారం తిరిగేసరికి కూతవేటు ప్రామాణీకరణ కమిటీ వెలిసింది. అందులో చెవి ముక్కు గొంతు డాక్టరు ఒకరు, సంగీత కళాశాలలో రిటైరైన ప్రిన్సిపాలు ఒకరు, ధ్వనిశాస్త్ర ప్రొఫెసరు ఒకరు. గొర్రెల కాపరుల పక్షాన కూడా ఒకరుండాలని ఎవరో పట్టుబడితే, గొర్రెల బొమ్మలు వేసే చిత్రకారుణ్ణి తీసుకున్నారు. ఆయన మీటింగు జరిగినంతసేపూ బిస్కట్లు తిని, ‘గొర్రె అమాయకమైనది’ అని తన అభిప్రాయం నమోదు చేయించాడు.

తటస్థ కంఠం కోసం ఆఫీసులో అందరినీ పిలిచి ఇంటర్వ్యూ చేశారు. నా వంతు వచ్చింది.

“గొర్రెలున్నాయా?”

“లేవండి.”

“భూమి?”

“లేదండి.”

“ఎప్పుడైనా ఎవరిమీదైనా గొంతెత్తారా?”

“పెళ్లయిందండి,” అన్నాను.

కమిటీ ఏకగ్రీవంగా నన్ను ఎంపిక చేసింది.

కంఠం దొరికింది, ఇక చెవి కావాలి. అదీ తటస్థంగా ఉండాలి. దానికి మాత్రం పోటీ లేకుండా మా సూపరింటెండెంటు అనంతశయనం గారు ఎంపికయ్యారు. ఆయన సర్వీసంతా ప్రజల అర్జీలు తీసుకునే సీట్లోనే గడిచింది. ఇన్నేళ్లలో ఏ ఒక్క అర్జీదారు మొరా ఆయన చెవిన పడిన దాఖలా లేదు. ఇంతకన్నా తటస్థమైన చెవి రాష్ట్రంలో ఉండదని డాక్టరు గారు సర్టిఫికెట్ ఇచ్చారు.

కొలత గుట్ట దగ్గర పెట్టడం కుదరలేదు. శాసనం ఉన్న చోటు రక్షిత ప్రాంతం, రక్షిత ప్రాంతంలో పెద్ద శబ్దాలు నిషేధం. అందుకని ఆఫీసు వరండాలో పెట్టారు. ఏ మాట అరవాలన్నది తర్వాతి చిక్కు. నేను ‘ఓయ్’ అంటానన్నాను.

“ఓయ్ అంటే నేను పలకాలా? నా గ్రేడేమిటి, నీ గ్రేడేమిటి?” అని శయనం గారు మండిపడ్డారు.

రెండు మీటింగుల చర్చ తర్వాత ‘అయ్యా, దయచేసి ఆలకించగలరు’ అనేది ప్రామాణిక కూతగా ఖరారైంది. సంగీతం ప్రిన్సిపాలు గారు దాన్ని మధ్యమ శ్రుతిలో అనమని రెండు రోజులు నేర్పించారు. ఆఫీసు వేళల్లో వరండాలో పెద్దగా అరవరాదనే పాత సర్క్యులర్ ఒకటి బయటపడటంతో, సర్క్యులర్‌కు భంగం రాకుండా అరవాలని కూడా తీర్మానించారు.

వరండా చివర శయనం గారు కుర్చీలో కూర్చున్నారు. నేను అటు చివర నిలబడి, “అయ్యా, దయచేసి ఆలకించగలరు,” అన్నాను. ఆయన పేపరు తిప్పారు. కొంచెం దగ్గరికి జరిగి మళ్లీ అన్నాను. చంక గోక్కున్నారు. ఇంకొంచెం జరిగాను. తలెత్తి నా వైపు చూశారు గానీ, చూపు వినికిడి కిందికి రాదని ప్రొఫెసరు గారు కొట్టేశారు. చివరికి ఆయన కుర్చీకి నాలుగు బారల దూరంలోకి వచ్చి అంటే, “ఏమిటయ్యా నస, రేపు రా,” అన్నారు. కమిటీ చప్పట్లు కొట్టింది. టేపు పెట్టి చూశారు. ఏడు మీటర్ల నలభై సెంటీమీటర్లు.

ఆ విధంగా, వందల ఏళ్లుగా గాలికి కొట్టుకుపోతున్న కూతవేటు ఏడు పాయింట్ నాలుగు దగ్గర స్థిరపడింది. పత్రికల్లో ఫొటోలు వచ్చాయి. ఆ ఊపులో ‘కనుచూపు మేర’కు ఇంకో కమిటీ వేసి, దానికి శుక్లాల ఆపరేషన్ వాయిదా వేసుకుంటున్న ఒక పెద్దాయనను అధ్యక్షుణ్ణి చేశారు.

ప్రణవ్ గడిలో అంకె పెట్టాడు. కీచుమనలేదు. గువ్వలగుట్ట బండ చుట్టూ చక్కటి పచ్చరంగు వృత్తం పడింది. నేను తెర దగ్గరికి వంగి చూశాను. బండ ఎటు కొలిచినా పదిహేను మీటర్లకు పైనే ఉంటుంది. శాసనం దాని నడిమధ్యలో ఉంది. మందకు మేతగా ప్రభుత్వం గుర్తించిన భూమి మొత్తం రాయే.

“సార్, అందులో గడ్డి లేదు,” అన్నాను.

“గడ్డి వేరే శాఖ,” అన్నారు డైరెక్టరు గారు.

వృత్తం బయట మిగిలిన బీడంతా పటంలో బూడిద రంగులోకి మారింది. బూడిద రంగంటే ఏ చరిత్రా లేని ఖాళీ జాగా. ఖాళీ జాగా కనబడితే సర్కారు చేతులు ఊరుకోవు. అక్కడ ‘వారసత్వ అనుభూతి కేంద్రం’ కట్టాలని తీర్మానమైంది. సందర్శకులు కళ్లకు డిజిటల్ అద్దాలు పెట్టుకుని నిలబడితే, పూర్వం ఆ బీడులో కురుమలు గొర్రెలను ఎలా మేపేవారో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. తొలి పరీక్షలో ఒక లోపం తేలింది. డిజిటల్ గొర్రెల మధ్యకు అసలు గొర్రెలు వచ్చేస్తున్నాయి, ఏది ఏదో తెలియక సందర్శకులు తికమకపడుతున్నారు. అనుభూతి నాణ్యత కాపాడటం కోసం బీడు చుట్టూ ముళ్లకంచె వేయాలని, అసలు గొర్రెలను తొలగించాలని ప్రకటన వచ్చింది. అభ్యంతరాలుంటే తెలుపుకోవచ్చన్నారు, గుట్ట కిందే సభ పెడతామన్నారు.

అభ్యంతరాల సభకు షామియానా వేశారు. వేదిక మీద డైరెక్టరు గారు, పక్కన తటస్థ చెవిగా శయనం గారు. భద్రత కోసం జనాన్ని దూరంగా వెదురు బొంగుల అవతల నిలబెట్టారు. మైకు వేదికకు మాత్రమే. మొదట నియమాలు చదివారు.

“అభ్యంతరము నోటిమాటగా చెప్పవలెను. చెప్పువారు లబ్ధిదారులై ఉండవలెను. ప్రభుత్వము నిర్ణయించిన కూతవేటు దూరములోనుండి వినబడిన అభ్యంతరములు మాత్రమే విన్నట్లుగా పరిగణింపబడును.”

వెదురు బొంగులు వేదికకు ఇరవై మీటర్ల పైన ఉన్నాయని నాకు తెలుసు. టేపు పట్టుకుంది నేనే.

బీరవ్వ బొంగుల దగ్గర నిలబడింది. గొంగడి భుజాన వేసుకుని, నోటికి చెయ్యి అడ్డంపెట్టి గొంతెత్తింది.

“సారూ! బీడు మూస్తే మంద బతకది. మంద లేకుంటే నేను బతక! పెద్దలు ఇచ్చిన జాగ, రాయి మీద రాసిచ్చిండ్రు. మీరే చదివిండ్రు గదా!”

గుట్ట మారుమోగింది. షామియానా గుడ్డ కదిలినట్టయింది. గుట్ట అవతల మేస్తున్న ఆమె గొర్రెలు గొంతు గుర్తుపట్టి, బిలబిల దిగి వచ్చేశాయి. కుర్చీల మధ్యనుంచి దూరి, పూలకుండీల్లో మొక్కలు తినడం మొదలుపెట్టాయి.

డైరెక్టరు గారు పక్కకు తిరిగి, “వినబడిందా?” అని అడిగారు.

శయనం గారు చెవి దులుపుకుని, “లేదండి,” అన్నారు.

“గొర్లకు ఇనవడ్డది గదా సారూ!” అంది బీరవ్వ.

“గొర్రెల చెవి నోటిఫై కాలేదు,” అన్నారు డైరెక్టరు గారు మైకులో.

అప్పుడు బీరవ్వ నా వైపు చూసింది. నేను వేదిక మెట్ల పక్కన ఫైళ్లు పట్టుకుని నిలబడి ఉన్నాను.

“బిడ్డా, సర్కారు కూత నీదేనంట గదా. నీది ఆయనకు ఇనవడ్తదంట. నా మాట జర నువ్వు జెప్పు.”

చిన్నప్పటినుంచీ నేను ఎవరి ముందూ గొంతెత్తినవాణ్ణి కాదు. కానీ ఆ క్షణంలో నాకు నిజంగా కడుపు మండింది. జీతం తీసుకుని అరిచిన అరుపు ఒక మనిషి నోట్లో మన్ను కొట్టడానికి పనికొచ్చిందని తెలిసి సిగ్గేసింది. ఫైళ్లు కింద పెట్టి, నిర్ణీత దూరంలో నిలబడి, మధ్యమ శ్రుతీ సర్క్యులరూ మరిచిపోయి అరిచాను.

“అయ్యా, దయచేసి ఆలకించగలరు! బీడు మూస్తే ఈ మంద బతకదు. మంద పోతే ఈ అవ్వ బతకదు. ఇది అభ్యంతరం!”

శయనం గారు కుర్చీలోంచి ఎగిరిపడ్డారు. వినబడలేదని అనలేకపోయారు. అంటే కూతవేటే అబద్ధమవుతుంది. వెదురు బొంగుల దగ్గర జనం ఈలలు వేశారు. ఒక్క నిమిషం, ఒక్కటే నిమిషం, గెలిచామనుకున్నాను.

డైరెక్టరు గారు చిరునవ్వుతో మైకు దగ్గరికి వంగారు.

“అభ్యంతరము వినబడినది. చెప్పిన వ్యక్తికి గొర్రెలున్నవా?”

“లేవండి,” అన్నాను.

“భూమి?”

“లేదండి.”

“అనగా లబ్ధిదారు కాడు. లబ్ధిదారు కానివాని అభ్యంతరము చెల్లదు. లబ్ధిదారు అభ్యంతరము వినబడలేదు. ఇందుమూలముగా అభ్యంతరములు శూన్యము. ఇకపోతే, లింగమూర్తి ఒక పక్షము వహించినందున అతని కంఠము తటస్థతను కోల్పోయినది. నేటినుండి విధులనుండి తొలగించడమైనది.”

“మరి నా గొంతుతో తీసిన కొలత?”

“కొలత చెల్లుతుంది. కంఠం చెల్లదు.”

కంచె పడింది. బీరవ్వ రోడ్డు పక్కన, చెరువు కట్ట కింద, ఎవరూ తరమరనుకున్న చోటల్లా మందను తిప్పింది. ఎక్కడికి పోయినా ఎవరో ఒకరు తరిమారు. ఎండాకాలం వచ్చేసరికి సగం గొర్రెలను అంగడికి తోలి అమ్మేసింది. ఆ సగమూ సూడివీ, పిల్లతల్లులూ అని నాతో చెప్పింది. నేను పక్క ఊళ్లో ఒక ఎరువుల కొట్లో లెక్కలు రాస్తున్నాను. గొంతుతో పని లేదు.

అనుభూతి కేంద్రం తెరిచిన రోజు స్థానికులకు ఉచిత ప్రవేశం అన్నారు. బీరవ్వ నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. లోపల మేత ఎట్లుందో చూసొద్దాం పద అంది. మిగిలిన గొర్రెలను కంచె బయట వదిలి వచ్చింది. గేటు దగ్గర యూనిఫాం వేసుకున్న అమ్మాయి ఆమె కళ్లకు అద్దాలు తగిలించింది. నాకూ ఇచ్చారు.

పెట్టుకుని చూద్దును కదా, బీడంతా పచ్చగా మోకాలెత్తు గడ్డి. అంత గడ్డి అక్కడ ఏ కాలంలోనూ ఉండి ఉండదు. పాలమీగడ లాంటి తెల్లటి గొర్రెలు, ఒక్కదానికీ బురద లేదు. బండ మీద తలపాగా చుట్టుకున్న కుర్ర కాపరి నిలబడి, నోటికి చెయ్యి అడ్డంపెట్టి కూత వేశాడు.

“అయ్యా, దయచేసి ఆలకించగలరు.”

నా గొంతే. వరండాలో రికార్డు చేసిందే. గొర్రెలన్నీ క్రమశిక్షణగా అతని వైపు నడిచాయి.

“ఎవలియి బిడ్డా గీ గొర్లు?” అని అడిగింది బీరవ్వ, అద్దాల్లోంచి అటూ ఇటూ తిరిగి చూస్తూ.

“సర్కారువి అవ్వా.”

ఆమె ఏమనుకుందో ఏమో, గాలి ఎటు వీస్తోందో చెంపతో చూసుకుని, పాత పద్ధతిలో గొంతెత్తి తన కూత వేసింది. దూరాన మోదుగుల వాగు దాకా పోయి ఉంటుంది. కంచె అవతల ఆమె మంద ఒక్కసారిగా అరుస్తూ పరిగెత్తుకొచ్చి ముళ్లతీగకు ఒరుసుకుంది. పక్కనున్న సందర్శకుడొకాయన, “సౌండ్ ఎఫెక్ట్ ఎంత సహజంగా ఉందో!” అని భార్యతో అన్నాడు.

అద్దాల్లోని తెల్ల గొర్రెలు ఒక్కటీ తల తిప్పలేదు. బీరవ్వ ఇంకోసారి పిలిచింది. అవి మేస్తూనే ఉన్నాయి.

ఆమె అద్దాలు తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది.

“గియి ఇనయి బిడ్డా,” అంది. “సర్కారు గొర్లే, అనుమానం లేదు.”